పన్నెండు అక్షరాల లోపు

బుధవారం పొద్దున్నకల్లా నాకు కొలతలాయన మీద ఎంత కోపం వచ్చిందంటే, ఎదురుపడితే నవ్వాల్సి వస్తుందని టీకి కూడా బయటికి వెళ్ళలేదు. పాపం, ఆయన చేసిన నేరమల్లా ఫైళ్ళకి పేర్లు పెట్టడం. కానీ ఎలాంటి పేర్లు! ఒక్కోటి మూరెడు. మధ్యలో ఖాళీలు, కామాలు, బ్రాకెట్లు, ఆశ్చర్యార్థకాలు. ఒకదాని పేరు "ఈయనకి మడమ దగ్గర వదులు, పోయినసారి ఒరుసుకుంది, జాగ్రత్త! 1140 ఎడమ". ఇంకోదాని పేరు "కొత్తది". దాని పక్కన "అసలు కొత్తది". దాని పక్కన "ఇదే కొత్తది, పైది వాడొద్దు". ఇలాంటివి మూడువేల ఆరువందల పన్నెండు. వాటన్నిటికీ కొత్త పేర్లు పెట్టే పని నా నెత్తిన పడింది.

మా వర్క్‌షాపులో బూట్లు తయారవుతాయి. అందరికీ కాదు, మామూలు జోళ్ళు పట్టని పాదాల వాళ్ళకి. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళు, వేళ్ళు తీసేయించుకున్నవాళ్ళు, షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళు వస్తారు. ముందు గదిలో గాజు పలక ఉన్న స్కానరు ఉంది. దాని మీద పాదం పెడితే ఎత్తుపల్లాలు కొలిచి ఒక ఫైలు తయారు చేస్తుంది. వెనక షెడ్డులో ఉన్న యంత్రం ఆ ఫైలు చదివి, బూటు లోపల పాదం కింద వేసే మెత్త చెక్కుతుంది. ఆ మెత్త సరిగ్గా లేకపోతే బూటు ఎంత అందంగా ఉన్నా దండగే. స్పర్శ లేని పాదానికి ఒరుసుకుంటే నొప్పి తెలీదు, పుండు పడేదాకా తెలీదు, కొందరికి వేలు తీసేసేదాకా తెలీదు.

స్కానరు దగ్గర కూచునేది కొలతలాయన. నలభై ఏళ్ళుగా ఇదే పని. ఈ కంప్యూటర్లు రాకముందు చెక్కతో పాదాల అచ్చులు చేసేవాడట. నేను కంప్యూటర్ల మనిషిని, ఒక్కదాన్నే. ప్రింటరు ఆగినా నన్నే పిలుస్తారు, ఫ్యాను ఆగినా నన్నే పిలుస్తారు.

పోయిన నెల పాత చెక్కుడు యంత్రం చేతులెత్తేసింది. కొత్తది వచ్చింది. మెరుస్తూ, ఒక గది అంత ఉంది. దానికి ఒక పట్టింపు ఉంది. ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిపి పన్నెండు దాటకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. లేకపోతే ఫైలు ముట్టుకోదు, ఎర్ర లైటు వేసుకుని కూచుంటుంది. "ఏముందమ్మా, పేర్లు మార్చడమేగా, ఒక పూట పని," అన్నాడు మేనేజరు. పని చెయ్యనివాడికి ప్రతి పనీ ఒక పూట పనే.

చేత్తో మార్చాలంటే నెల పడుతుంది. అందుకే స్క్రిప్టు రాయడం మొదలుపెట్టాను. నల్ల తెర మీద వరసగా కమాండ్లు రాస్తే, అవే ఒక్కో ఫైలు దగ్గరికీ వెళ్ళి, పేరులోంచి కావలసిన ముక్క పీకి, మిగతాది పారేసి, కొత్త పేరు అతికిస్తాయి. నాక్కావలసిన ముక్కలు రెండే. మనిషి నంబరు నాలుగంకెలు, ఎడమో కుడో. అంతే.

అంతే అనుకున్నాను. మొదటిసారి నడిపినప్పుడు పేరులోని ఖాళీల దగ్గర స్క్రిప్టు ఆగి, ఒక్కో మాటనీ ఒక్కో ఫైలనుకుంది. తెర నిండా ఫిర్యాదులు. 'మడమ' అనే ఫైలు లేదు. 'వదులు' అనే ఫైలు లేదు. 'జాగ్రత్త' అనే ఫైలు లేదు. 'ఇంట్లో' అనే ఫైలు లేదు. 'చెప్పలేదు' అనే ఫైలు లేదు. వందలు, వేలు, నేను ఆపేదాకా పరిగెడుతూనే ఉన్నాయి. పేరు చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టాలని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. ఒక్క చోట మర్చిపోయాను. ఆ ఒక్క చోటు దొరకడానికి మధ్యాహ్నం అయింది.

తర్వాత, ఫైళ్ళు ముట్టుకోకుండా తెర మీద మాత్రం, పేరులో మొదటి పది అక్షరాలు కత్తిరించి చూద్దామనుకున్నాను. తెలుగు అక్షరం ఒక్కోటి కంప్యూటరు కడుపులో మూడు ముక్కలుగా ఉంటుంది. నేను వాడిన కత్తెర ముక్కల్ని లెక్కపెడుతుంది గానీ అక్షరాల్ని కాదు. దాంతో ప్రతి పేరూ నాలుగో అక్షరం నడుం విరిగి, ఒక ప్రశ్నార్థకంతో ఆగిపోయింది. ఇంకో పేరు మైనస్ గుర్తుతో మొదలైంది. కమాండు దాన్ని పేరనుకోలేదు, తనకిచ్చిన ఆదేశం అనుకుని నాకే ఎదురు చెప్పింది. ఒకాయన ఫైలులో నాలుగంకెలు పీకితే 2011 వచ్చింది. అది ఆయన నంబరు కాదు, ఆపరేషనైన సంవత్సరం. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంత హైరానా దేనికంటే, శుక్రవారం తయారవ్వాల్సిన బూట్లలో మా పిన్నివి ఉన్నాయి.

పిన్ని సిటీ బస్సు కండక్టరు. ఇరవయ్యారేళ్ళ సర్వీసు. పిన్నీ నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. ఆవిడకి పెళ్ళి మీద మోజు లేదు, నాకు కుదరలేదు, ఇద్దరికీ ఒకే కుక్కరు సరిపోతుంది. రెండేళ్ళుగా షుగరు వల్ల ఆవిడ పాదాల్లో స్పర్శ లేదు. మెత్తలు అరిగిపోతే డిపో డాక్టరు బస్సెక్కనివ్వడు. పాతవి అరిగిపోయాయి, కొత్తవి చెక్కే యంత్రం పాడైంది. పదిహేను రోజులుగా సెలవులో ఉంది. సోమవారం ఉదయం కొత్త బూట్లతో డాక్టరు ముందు నిలబడితే బస్సు. లేకపోతే డిపోలో పోయిన సామాన్ల గది. ప్రయాణికులు మర్చిపోయిన గొడుగులూ సంచులూ ఉంచే చోటు. అక్కడికి ఒకసారి వెళ్ళినవాళ్ళు మళ్ళీ బస్సెక్కరట.

"ఆ గొడుగుల మధ్య కూచోబెడితే నన్ను కూడా ఎవరో మర్చిపోయారనుకుంటారే," అనేది పిన్ని. నవ్వుతూనే అనేది గానీ, రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసేది.

బుధవారం నాలుగోసారి చేసినప్పుడు నేను ప్రశ్నార్థకాల మధ్య మునిగి ఉన్నాను.

"ఎంతవరకు వచ్చిందే?"

"పిన్నీ, నువ్వు ఫోన్ చేసిన ప్రతిసారీ ఒక అక్షరం తెగుతోంది. పెట్టెయ్."

"సరే సరే. అరవకు. కందిపోతావు."

ఫోన్ పెట్టాక చూస్తే గుమ్మంలో కొలతలాయన. చేతిలో కొలత టేపు, ముక్కు చివర కళ్ళద్దాలు. ఆయన లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడితే ఏదో అడగాలని అర్థం.

"అమ్మాయ్, ఒక్క మాట."

"బాబాయిగారూ, ఇప్పుడు వద్దు. మీ పేర్లతోనే చస్తున్నాను."

"అదే అడుగుదామని. పేర్లన్నీ మారుస్తున్నావట. రాసినవి ఉంటాయిగా మరి?"

"లోపల కొలతలు చుక్కంత కూడా మారవు."

"కొలతలు సరేనమ్మా. నేను రాసినవి..."

"అన్నీ ఉంటాయి బాబాయిగారూ! పేరే మారుతుంది, సరుకు మారదు. నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేకేం," అన్నాడాయన. టేపు వేలికి చుట్టుకున్నాడు. తర్వాత వెళ్ళిపోయాడు. పీడ విరగడైందనుకున్నాను. నిజం చెప్పాలంటే అలాగే అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం మూడింటికి స్క్రిప్టు నా మాట వింది. ఖాళీల్ని మింగింది, బ్రాకెట్లని దాటింది, సంవత్సరాల్ని వదిలేసి నంబర్లు మాత్రం పట్టుకుంది, పేరులో నంబరు లేనివాటికి ఫైలు లోపల్నించి తెచ్చుకుంది. మూడువేల ఆరువందల పన్నెండు పేర్లు, రెండు నిమిషాలు. పాత పేరూ కొత్త పేరూ తెర మీద రాయించడం వల్ల పని నెమ్మదిస్తోందని ఆ వరస కూడా అంతకుముందే తీసేశాను. చివర్లో డైరెక్టరీ తెరిచి చూసుకుంటే ప్రాణం లేచొచ్చింది. ఎల్2215, ఆర్2215, ఎల్2216, ఆర్2216. అన్నీ ఒకే పొడుగు, వరసగా. మా పిన్ని కుడి పాదానిది ఆర్2216. బిడ్డకి తల దువ్వి బడికి పంపినంత తృప్తి కలిగింది.

తర్వాత బ్యాకప్ తీశాను. ముందు తియ్యలేదా అని ఎవరైనా అడుగుతారు. తియ్యబోయాను. ఆ వంకర పేర్లు చూసి బ్యాకప్ కూడా మొరాయించింది. ఎలాగూ శుభ్రం చేస్తున్నాం కదా, చేశాకే తీద్దాం అనుకున్నాను. నేను పదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, ఇతరులకి పాఠాలు కూడా చెప్తాను.

మేనేజరు వచ్చి నా కుర్చీ వెనక నిలబడి చూసి, "చెప్పానా, ఒక పూట పని," అన్నాడు. ఆయన జుట్టు పీకేద్దామనిపించింది. అయినా నవ్వాను. సాయంత్రం నాలుగింటికి కొత్త యంత్రం పచ్చ లైటు వేసుకుని పిన్ని మెత్తలు చెక్కింది. నేను షెడ్డులో నిలబడి చూశాను. తెల్లటి పొడి రాలుతుంటే పిన్నికి ఫోన్ చేశాను.

"రేపు పదింటికి వచ్చెయ్."

"నిజంగానా?"

"నిజంగానే. మహారాణిగారి పాదాలకి కవచాలు సిద్ధం."

శుక్రవారం తొమ్మిదిన్నరకే వచ్చేసింది. సోమవారం దాకా ఆగలేనట్టు యూనిఫాం కూడా వేసుకొచ్చింది. ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి, జేబుకి పెన్ను తగిలించి ఉంది. కాళ్ళకి మటుకు అరిగిన పాత బూట్లు. ముందు గదిలో బల్ల మీద కూచుని అందర్నీ పలకరించింది. మేనేజరుని కూడా వదల్లేదు. "మీరు మా రూట్లోనే ఎక్కుతారు కదా, మెట్టు మీద వేలాడుతూ," అంది. ఆయన లేదంటే, "వేలాడేవాళ్ళెవరూ ఒప్పుకోరు," అంది.

కొలతలాయన రెండు మెత్తలూ తెచ్చి దీపం కింద పెట్టాడు. కుడిదాన్ని బొటనవేలితో నొక్కుతూ మడమ నుంచి పైకి వచ్చాడు. వేళ్ళ మొదట్లో ఆగాడు. పక్కన ఆయన సానచక్రం తిరుగుతూనే ఉంది. యంత్రం చెక్కిన మెత్తని ఆయన ఆ చక్రం మీద చివరిసారి సవరిస్తాడని నాకు తెలుసు. ఏమిటి సవరిస్తాడో, ఎలా తెలుస్తుందో ఎప్పుడూ అడగలేదు.

"అమ్మాయ్, ఈమె ఫైలు తియ్యి," అన్నాడు.

తీశాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని తెర దగ్గరికి వంగాడు.

"ఇదేమిటి?"

"ఆర్2216. పిన్నిదే."

"అది నంబరు. దీని పేరేదీ?"

"అదే బాబాయిగారూ పేరు."

"నేను రాసిందేది?"

ఆయన ఇంకో ఫైలు చూశాడు, ఇంకొకటి చూశాడు. వేలితో తెర మీద కిందికి దిగుతూ పోయాడు. వందల పేర్లు ఆయన వేలి కింద ఒకేలాగా కదిలాయి.

"అన్నీ ఉంటాయన్నావు కదమ్మా," అన్నాడు చివరికి. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది, నేనూ అరిచేదాన్ని.

అప్పుడు చెప్పాడు. చెక్క అచ్చులు చేసే రోజుల్లో ప్రతి అచ్చు అడుగునా పెన్సిలుతో రాసుకునేవాళ్ళట. ఎక్కడ పుండు మానిందో, ఎక్కడ ఎముక పొడుచుకొస్తుందో, ఎవరు నొప్పిని దాచుకుంటారో, ఎవరికి ఒక పక్కకి ఒరిగి నడిచే అలవాటో. స్కానరుకి అవేవీ కనపడవు. దానికి కనపడేది చర్మం పైపైనే. మానిన పుండు మీద చర్మం చదునుగానే ఉంటుంది, కానీ అక్కడ బరువు పడితే మళ్ళీ పగులుతుంది. అక్కడ మెత్తలో గుంట చెయ్యాలి. అచ్చులు పోయి కంప్యూటరు వచ్చాక, ఆ తెర మీద ఆయన అక్షరం రాయగలిగే చోటు ఒక్కటే కనపడింది. ఫైలు పేరు రాసే పెట్టె. అందులో రాశాడు. మనిషి వచ్చిన ప్రతిసారీ పాతది చెరిపి కొత్తది రాశాడు. ఎనిమిదేళ్ళు.

"అవి నోట్సయితే రిజిస్టరులో రాయాలి కదండీ! పేర్లలో రాస్తారా ఎవరైనా?" మేనేజరు గొంతు లేచింది.

"రిజిస్టరు మీరే తీసేయించారు సార్. కాగితాలొద్దు, అన్నీ కంప్యూటర్లో పెట్టండి అన్నారు. పెట్టాను."

మేనేజరు నా వైపు తిరిగాడు. "వెనక్కి తేవచ్చు కదా? మీ దగ్గర ఏదో ఉంటుంది కదా, ఆ బటను?"

బటను లేదు. కమాండ్ల చరిత్ర తిరగేశాను. స్క్రిప్టు ఉంది, పేర్లు లేవు. బ్యాకప్ తెరిచాను. అందులోనూ అవే శుభ్రమైన పేర్లు, తల దువ్వుకుని వరసగా నిలబడ్డాయి. నా పని మీద నాకే అసహ్యం వేసింది. బుధవారం ఈ పేర్లన్నీ మాట మాటగా విరిగి నా తెర మీదే పరిగెత్తాయి. వాటిలో ఎక్కడ ఖాళీ ఉందో, ఎక్కడ కామా ఉందో చూశాను. చదవలేదు. తెలుగు వచ్చినదాన్ని, ఒక్కటంటే ఒక్కటి చదవలేదు.

"సరే, మిగతావాళ్ళ సంగతి తర్వాత," అన్నాను. "పిన్నిది మీకు గుర్తుంటుంది కదా? గుంట ఎక్కడో చెప్పండి. సోమవారం డాక్టరు."

"గుర్తుందనే అనిపిస్తోంది. నాలుగో వేలి కింద అనిపిస్తోంది. మూడో వేలు కూడా కావచ్చు." ఆయన మెత్తని బల్ల మీద పెట్టేశాడు. "అనిపించిన చోట గుంట చేస్తే, పక్క వేలి మీద బరువు రెండింతలు పడుతుంది. చెయ్యను."

"అయితే పాదం చూద్దాం. పిన్నీ, బూటు విప్పు."

అంతసేపూ అందరి మీదా జోకులేసిన పిన్ని కాళ్ళు బల్ల కిందికి లాక్కుంది.

"ఎందుకే అందరి ముందూ? ఆయనకి తెలుసు. ఆయన రాసుకున్నారు."

"రాసుకుంది పోయింది పిన్నీ. నేనే పోగొట్టాను. విప్పు."

"నువ్వు బయటికెళ్ళు. ఆయనకి చూపిస్తాను."

నాకు ఒళ్ళు మండింది. మూడు రోజుల కోపం, మీద నా తప్పు తాలూకు కోపం, అన్నీ కలిసి ఆవిడ మీదే పడ్డాయి. "నేను బయటికెళ్ళడమేమిటి? ఇంట్లో నీ కాళ్ళకి నూనె రాసేది నేను. రెండు నెలలుగా నేనే రాసుకుంటానంటున్నావు, పోనీలే అనుకున్నాను..." అని ఆగిపోయాను. ఆవిడ మొహం చూసి ఆగిపోయాను.

పిన్ని కొలతలాయన వైపు చూసింది. దొంగతనంలో తోడున్న మనిషి వైపు చూసినట్టు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"చెప్పేయండమ్మా. నా దగ్గర ఇంక కాగితం లేదు. మీరే చెప్పాలి."

"మీరు చెప్పండి. నాకు నోరు రావట్లేదు."

ఆయన నాతో చెప్పాడు గానీ, నా వైపు చూడలేదు. "రెండు నెలల క్రితం మెత్తల కొలతకి వచ్చినప్పుడు పాదం కింద నల్లమచ్చ చూశాను. డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. వెళ్తే బస్సు దింపేస్తారంది. ఇంట్లో చెప్పమన్నాను. నెలలోపు చెప్తానంది. ఆ మాటే రాసుకున్నాను. కుడి, ఫలానా వేలి కింద గుంట, నల్లమచ్చ, ఇంట్లో చెప్పలేదు, నెలలో చెప్తానంది. అదీ పేరు."

"నెల దాటింది," అన్నాను.

"దాటింది. యంత్రం పాడైంది, ఈమె మళ్ళీ రాలేదు. నేను రాశాను కదా అని ఊరుకున్నాను. రాసేస్తే పని అయిపోయినట్టే ఉంటుందమ్మా. తప్పు నాది కూడా."

నేను నేల మీద కూచుని పిన్ని కుడి బూటు ముడి విప్పాను. ఈసారి ఆవిడ కాలు లాక్కోలేదు. మేజోడు అడుగున తడిగా ఉంది. మేజోడు తీస్తే గుడ్డ అక్కడ కొంచెం అంటుకుని వచ్చింది. నాలుగో వేలి కింద, రూపాయి బిళ్ళంత నలుపు, మధ్యలో పగిలి ఎర్రగా ఉంది. పిన్ని పైనుంచి, "ఏముంది? పెద్దదైందా? నాకు నొప్పే లేదు," అంది. నొప్పి లేదని ఎంతో మంచి వార్తలా చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమంటావు? బస్సు దిగు అంటావు. ఆయన దిగమనలేదు. గుంట చేసిస్తానన్నారు." ఆయన వైపు తిరిగింది. "సోమవారం దాకా చెయ్యండి. డాక్టరు బూట్లు చూస్తాడు, మెత్తలు చూస్తాడు. కాలు తిప్పి చూడడు. ఒక్కసారి ఎక్కనివ్వండి, తర్వాత నేనే చూపించుకుంటాను. ఒట్టు."

కొలతలాయన సానచక్రం ఆపేశాడు. అది తిరుగుతోందని ఆగాకే తెలిసింది.

"ఈ పాదానికి మెత్త కాదమ్మా కావలసింది, మంచం. నేను చెయ్యను."

"మీరు మాటిచ్చారు!"

"మీరూ ఇచ్చారు."

పిన్ని నా వైపు తిరిగింది. ఆవిడ నన్ను ఎప్పుడూ బతిమాలలేదు. తిట్టేది, వెక్కిరించేది, అవసరమైతే ఒకటి వేసేది. "నువ్వు చెప్పవే ఆయనకి. నువ్వంటే వింటారు. నీ వల్లే కదా ఇదంతా బయటపడింది. అదేదో నువ్వు సరిగ్గా చేసుంటే ఈపాటికి నేను బూట్లేసుకుని ఇంట్లో ఉండేదాన్ని."

అది నిజమే. నేను సరిగ్గా చేసుంటే ఆయన పేరు చదివి, గుంట చేసి, బూట్లు చేతికిచ్చేవాడు. పిన్ని సోమవారం బస్సెక్కేది. నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆ పాదం ఇంకా నా ఒళ్ళోనే ఉంది. వేడిగా ఉంది.

"ఆస్పత్రికి పోదాం, లే," అన్నాను.

"సోమవారం తర్వాత."

"ఇప్పుడే. నడవొద్దు. ఆటో ఇక్కడికే పిలుస్తాను."

ఆవిడ తన ఖాకీ చొక్కా బొత్తాం సవరించుకుంది. మేనేజరు ఎప్పుడో గదిలోంచి జారుకున్నాడు. చివరికి పిన్ని జేబులోంచి ఫోన్ తీసి, డిపో నంబరు నొక్కి, నా చేతిలో పెట్టింది.

"నువ్వు చెప్పు. సోమవారం రానని. నా నోటితో నేను చెప్పలేను."

అవతల సూపర్‌వైజరు ఎత్తాడు. నేను చెప్పాను. పుండు అని చెప్పాను, కుడి పాదం అని చెప్పాను, ఎప్పటికి తగ్గుతుందో తెలీదని చెప్పాను. పిన్నికి వినపడేలాగే చెప్పాను, దాచలేదు. ఆయన అయ్యో అన్నాడు. జాగ్రత్తగా చూసుకోమన్నాడు. పెట్టెయ్యబోతుంటే పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది.

"నా బస్సు ఎవరికిస్తున్నారో అడుగు."

అడిగాను. కొత్తగా చేరిన అమ్మాయికట. చెప్పాను.

"ఆ పిల్లకా?" అంది పిన్ని. "మార్కెట్ దాటాక రెండో మలుపు దగ్గర డ్రైవరు బండి ఆపకుండా తిప్పుతాడు. పైన కడ్డీ పట్టుకుని, ఎడమ కాలు ముందుకేసి నిలబడాలి. లేకపోతే తలుపులోంచి బయటపడుతుంది. ఆ సంగతి ఆ పిల్లకి ఎవరూ చెప్పుండరు. చెప్పమను. ఇప్పుడే చెప్పమను."

నేను ఒక్కో మాటా అలాగే ఫోన్లో చెప్పాను. సూపర్‌వైజరు మళ్ళీ ఒకసారి చెప్పమంటే మళ్ళీ చెప్పాను. రాసుకున్నానన్నాడు.

"రాసుకోవడం కాదు, ఆ పిల్లతో చెప్పమను," అంది పిన్ని. అప్పుడు ఏడ్చింది.